పన్నెండు వేల ఒకటో దరఖాస్తు

త్రితీర సమాఖ్య ప్రభుత్వం తన యంత్రసేనను నడిపించడానికి ‘దండనాథ’ అనే కంప్యూటర్ వ్యవస్థను తెప్పించుకున్న రోజున దానికి కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, మెడ ఎక్కడుందో తెలియక నడుముకి దండ వేశారు. పన్నెండు వేల మంది యంత్రభటుల్ని ఏకకాలంలో కదిలించగల బుర్ర అది. లోకంలో ఇంతవరకు జరిగిన యుద్ధాలన్నీ దానికి కంఠతా వచ్చు. రానిదల్లా ఆఫీసు పద్ధతి ఒక్కటే. అది మేం నేర్పుకుంటాం అన్నారు యంత్రసేనా శాఖ వారు. అన్నంత పనీ చేశారు.

భటుల్ని ఎక్కడ నమోదు చెయ్యాలన్న దగ్గర మొదటి చిక్కు వచ్చింది. శాఖలో అప్పటికే ఉద్యోగుల సేవా పోర్టల్ అని ఒకటుంది. ఉన్నది ఉండగా కొత్తది ఎందుకని కార్యదర్శి పరాంకుశంగారు ఫైలు మీద రాశారు. ఆ పోర్టల్లో ఆయుధం అనే గడి లేదు, యంత్రం అనే గడి లేదు. ఉన్నదల్లా ఉద్యోగి. అందుచేత పన్నెండు వేల యంత్రాలూ ఒక్క పూటలో పన్నెండు వేల మంది ఉద్యోగులైపోయాయి. తయారైన తేదీని పుట్టినతేదీ గడిలో వేశారు. తండ్రి పేరు తప్పనిసరి కాబట్టి దండనాథ అని రాశారు. పుట్టుమచ్చలు రెండు చూపించాలి కనుక కుడి మోకాలి మీద ఒక నట్టు, ఎడమ మోకాలి మీద ఒక నట్టు అని నింపారు. మాతృభాష తెలుగు.

ఇవన్నీ దగ్గరుండి నింపించినవాడు బదిలీల సెక్షను సూపరింటెండెంటు చింతాడ లోకనాథం. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ఒక్క మెమో అందుకోని మనిషి. సెలవు మంజూరైతే తప్ప జ్వరం కూడా తెచ్చుకునేవాడు కాదని పక్క సీటు జిలానీ అంటూండేవాడు. లోకనాథానికి ఆ మాట వెక్కిరింతలా కాక ప్రశంసాపత్రంలా వినిపించేది.

అంత నిక్కచ్చి మనిషికీ ఒక దిగులుంది. ఆయన భార్య కస్తూరి సరిహద్దు కొండల్లో పెదజాలిమి అనే ఊళ్ళో పంతులమ్మ. ఏకోపాధ్యాయ పాఠశాల. టీచరూ ఆమే, హెడ్‌మాస్టరూ ఆమే, గంట కొట్టేదీ ఆమే. పదకొండేళ్ళుగా ఆయన రాజధానిలో ఒక గదిలోనూ, ఆమె పెదజాలిమిలో ఒక గదిలోనూ కాపురం చేస్తున్నారు. ఆమెకి రెండుసార్లు బదిలీ అయింది. కానీ ఆమె స్థానంలోకి ఇంకొకరు వచ్చి చేరితే గానీ ఆమెను రిలీవ్ చెయ్యరు. బూరాడ దగ్గర బస్సు దిగి ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు రాళ్ళలోనూ వాగుల్లోనూ నడిచి అక్కడ చేరేవాడెవడూ పుట్టలేదు. ఆయన అక్కడికి వెళదామంటే యంత్రసేనా శాఖకి పెదజాలిమిలో సూపరింటెండెంటు పోస్టు లేదు. అయినా భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఒకే చోట వెయ్యాలనే స్పౌజ్ కేటగిరీ కింద ఆయన ఏటేటా దరఖాస్తు పెట్టేవాడు. ఏటేటా అది ‘పరిశీలించి తిరస్కరించడమైనది’ అనే ముద్రతో ఆయన సెక్షనుకే తిరిగొచ్చేది. దాన్ని ఆయనే అందుకుని, ఆయనే ఫైలు చేసేవాడు.

“గురువుగారూ, ఇలా బతిమాలితే ఆ కొండలకి ఎవరూ పంపరు. ఏదైనా వెధవ పని చెయ్యండి. రెండో రోజుకల్లా పంపిస్తారు,” అనేవాడు జిలానీ.

నిజమే. తప్పు చేసినవాళ్ళని పెదజాలిమి వైపు తోలెయ్యడానికి పోస్టు అక్కర్లేదు, కార్యదర్శి సంతకం చాలు. కానీ తన సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరా పడడమన్న ఊహకే లోకనాథానికి ఒళ్ళు జలదరించేది.

ఆ ఏడు వేసవి సెలవులు అయిపోగానే సాధారణ బదిలీల ఉత్తర్వు వెలువడింది. ‘ఒకే చోట మూడేళ్ళు నిండిన అన్ని కేటగిరీల ఉద్యోగులకూ వర్తించును’ అని అందులో ఉంది. ఎనిమిదో నిమిషంలో దండనాథ నుంచి లేఖ వచ్చింది. ఆఫీసు పద్ధతి దానికి అప్పటికి బాగా పట్టుబడింది.

‘గౌరవనీయులైన అయ్యా, సరిహద్దుల్లో నిలబడి ఉన్న నా పన్నెండు వేల మంది సిబ్బందికి మూడేళ్ళు నిండినవి. సదరు ఉత్తర్వు వారికి వర్తించునా, వర్తించదా తెలుపగోరెదను. ఇట్లు, విధేయుడు.’

వర్తించదని చెప్పడానికి కారణం రాయాలి. వర్తిస్తుందని చెప్పడానికి కారణం అక్కర్లేదు. పరాంకుశంగారు ముప్ఫై ఏళ్ళ అనుభవంతో రెండోదాన్ని ఎంచుకున్నారు. ఆ మర్నాడు సమావేశం పెట్టి, కళ్ళజోడు తుడుచుకుంటూ ఇలా సెలవిచ్చారు.

“విస్తృత పరిపాలనా ప్రయోజనాల దృష్ట్యా చూసినప్పుడు ఉద్యోగి ఇనుముతో చేయబడినాడా, మాంసంతో చేయబడినాడా అన్నది పరిశీలనాంశం కాజాలదు. అందరికీ కౌన్సెలింగ్ నిర్వహించవలసిందే. ఏమంటారు లోకనాథంగారూ?”

“చిత్తం,” అన్నాడు లోకనాథం. ఆయన సర్వీసులో ఆ ప్రశ్నకి ఇంకో జవాబు చెప్పి ఎరగడు.

యంత్రభటులకి దరఖాస్తు రాయడం రాదు. శత్రువు ఎన్ని మైళ్ళ దూరాన దగ్గాడో చెప్పగలరు గానీ, ‘కారణము’ అన్న గడిలో ఏం రాయాలో తెలియదు. నమూనా దరఖాస్తు ఒకటి పంపమని దండనాథ కోరింది. సాయంత్రం అయిదు లోపు పంపాలి. అప్పటికి నాలుగున్నర. కొత్తగా ఒకటి తయారు చేసి, పరిశీలనకి పెట్టి, ఆమోదం తెచ్చుకుని పంపడానికి తొమ్మిది రోజులు పడుతుంది. లోకనాథం సొరుగు లాగి చూశాడు. చక్కగా, పొల్లు లేకుండా, జతపత్రాలతో సహా నింపిన దరఖాస్తు ఒకటి కనిపించింది. పదకొండేళ్ళు దిద్ది దిద్ది నున్నగా చేసినది, తనదే. పైన తన పేరు తీసేసి, ‘నమూనా – సరిగ్గా ఇదే విధముగా నింపవలెను’ అని రాసి పంపించేశాడు.

మిగతా గడులు చెరపలేదు. ఏ ఆఫీసులోనూ ఎవరూ చెరపరు. నమూనా చూసి ఎవరి సంగతి వాళ్ళు రాసుకుంటారు. మనుషులైతే అలాగే రాసుకుంటారు మరి.

మర్నాడు ఉదయం పదింటికి పన్నెండు వేల దరఖాస్తులు వచ్చి పడ్డాయి. లోకనాథం మొదటిది తెరిచాడు. దరఖాస్తుదారు: యంత్రభటుడు 1. కోరుకున్న స్థలము: పెదజాలిమి. కారణము: స్పౌజ్ కేటగిరీ. భార్య పేరు: శ్రీమతి చింతాడ కస్తూరి, ఉపాధ్యాయిని.

రెండోది తెరిచాడు. మూడోది తెరిచాడు. నాలుగువేల నాలుగువందల పదిహేడోది తెరిచాడు. అన్నిట్లోనూ అదే ఊరు, అదే పంతులమ్మ. కింద అభ్యర్థన కూడా అక్షరం పొల్లుపోకుండా ఆయన రాసుకున్నదే. ‘పదకొండు సంవత్సరములుగా నా భార్యకు దూరముగా నివసించుచున్నాను. భోజన సదుపాయము లేక ఆరోగ్యము క్షీణించుచున్నది.’

లోకనాథానికి కళ్ళు బైర్లు కమ్మాయి. జిలానీ మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఆయన భుజం మీదుగా తెర వంక చూశాడు.

లోకనాథం పరాంకుశంగారి గదికి పరిగెత్తాడు.

“దరఖాస్తులన్నీ వచ్చాయట కదా,” అన్నారాయన ప్రసన్నంగా. “ఖాళీ గడులేమైనా ఉన్నాయా?”

“లేవండి.”

“జతపత్రాలు?”

“అన్నీ ఉన్నాయండి. కానీ సార్, ఆ భార్య నా భార్యండి.”

పరాంకుశంగారు కుర్చీలో వెనక్కి వాలారు. “లోకనాథంగారూ, నా సర్వీసులో పన్నెండు వేల దరఖాస్తులు ఒక్క తప్పు లేకుండా రావడం ఇదే ప్రథమం. ఇందులో వ్యక్తిగత విషయాలు తేవడం భావ్యం కాదు. అభ్యంతరం ఉంటే లిఖితపూర్వకంగా ఇవ్వండి. దండనాథవారు పరిశీలిస్తారు.”

లోకనాథం లిఖితపూర్వకంగా ఇచ్చాడు. దండనాథ పరిశీలించింది. సదరు శ్రీమతి ఉన్నదా? ఉన్నది. ఉద్యోగియేనా? ఉద్యోగియే. భార్యాభర్తల మధ్య దూరం నిబంధనలకు లోబడి ఉన్నదా? ఉన్నది. ఇక ప్రవర్తనా నియమావళి. భార్య జీవించి ఉండగా ఏ ఉద్యోగీ మరొక వివాహం చేసుకొనరాదు. పన్నెండు వేల మందిలో ఎవరికీ మరో భార్య లేదు. భార్య ఉన్నవాణ్ణి ఏ మహిళా ఉద్యోగీ వివాహం చేసుకొనరాదు. ఈ భార్య తప్ప వాళ్ళెవరికీ ఇంకో భార్య లేదు కనుక అదీ సరిపోయింది. ఒక మహిళా ఉద్యోగికి ఎందరు భర్తలుండవచ్చునో నియమావళిలో ఎక్కడా చెప్పలేదు. ఆ సంగతి చెప్పాల్సిన అవసరం వస్తుందని దాన్ని రాసినవాళ్ళు అనుకోలేదు కాబోలు.

పెదజాలిమిలో అన్ని పోస్టులు ఎక్కడివన్న ప్రశ్న కూడా రాలేదు. భటుడు ఎక్కడ నిలబడితే అదే వాడి పోస్టు అని మొదట్లోనే ఉత్తర్వు ఉంది. పోస్టు లేనిది సూపరింటెండెంటుకే. పన్నెండు వేల దరఖాస్తులూ ఆమోదించబడ్డాయి. అదే పట్టీ చివర లోకనాథం ఆ ఏటి దరఖాస్తు కూడా ఉంది. ‘పరిశీలించి తిరస్కరించడమైనది.’

మూడో రోజున మూడు సరిహద్దుల్లోనూ కాపలా ఎత్తేసి సైన్యమంతా పెదజాలిమి దారి పట్టింది. ఒక చోట రిలీవై ఇంకో చోట చేరే లోపు ఉద్యోగి విధుల్లో ఉన్నట్టు కాదు కనుక ఆయుధాలన్నీ స్టోర్సులో అప్పగించి, రసీదులు పట్టుకుని బయల్దేరారు.

నాలుగో రోజు మధ్యాహ్నం భోజనం డబ్బా విప్పుతూండగా లోకనాథం ఫోను మోగింది.

“ఏటండీ ఇది,” అంది కస్తూరి. ఆమె గొంతు తాపీగానే ఉంది. తాపీగా ఉన్నప్పుడే ఆయనకి ఎక్కువ భయం. “బడి ముందర ఇనప మనుషులొచ్చి నిల్చున్నారు. ఆ కొస కనపడ్డం లేదు. ఒక్కొక్కడూ నా మొగుణ్ణంటున్నాడు. మీ శాఖవాళ్ళేనా?”

లోకనాథం జరిగింది చెప్పాడు. నమూనా సంగతి చెప్పేటప్పుడు గొంతు చిన్నదైపోయింది. అవతల ఆమె పిల్లల్ని ఎక్కాలు ఆపమంది.

“భోజన సదుపాయం లేదన్నది కూడా రాశారా?” అంది.

“రాశాను.”

“ఆడికి కడుపే లేదు కదండీ, ఇనపోడికి.”

“వాళ్ళేం చేస్తున్నారు, కస్తూరీ? నీకేమీ ఇబ్బంది కలిగించడం లేదు కదా?”

“ఇబ్బందేటి, మర్యాదగానే ఉన్నారు. చెప్పులు లేవు గానీ ఉంటే విప్పేసే వచ్చుందురు. ఏదో సంతకం కావాలంట. స్పౌజ్ పనిచేసే చోట పైఅధికారి ధ్రువీకరిస్తే గాని ఇక్కడ చేరినట్టు కాదంట. బడికి పైఅధికారిని నేనే కదా.”

లోకనాథం లేచి నిల్చున్నాడు. “సంతకం పెట్టేశావా?”

“నేనేం వెర్రిదాన్నా? పదకొండేళ్ళు మీ శాఖవాళ్ళ ఉత్తరాలు చదివినదాన్ని. కొర్రీ వేశాను.”

కొర్రీ అంటే కాగితం ముందుకు కదలకుండా అధికారి వేసే అభ్యంతరం. లోకనాథం జీవితంలో కొన్ని వేల కొర్రీలు వేశాడు. కానీ కొర్రీ అన్న మాట విని గుండె నిండిపోవడం అదే మొదటిసారి.

“ఏమని వేశావు?”

“పెళ్ళి ఫోటో జతచేయలేదు అని. అందరికీ అదే.”

పన్నెండు వేల మందీ వెనక్కి తిరిగి, పెళ్ళి ఫోటో కోసం ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు నడిచి బూరాడ వెళ్ళారు. అక్కడ ఉన్నది ఒక్కటే స్టూడియో. దాని యజమాని రెండు రోజులు ఆలోచించి, ఒక్కొక్క భటుణ్ణీ మెళ్ళో పూలదండతో ఖాళీ కుర్చీ పక్కన నిలబెట్టి ఫోటో తీశాడు. అవి పట్టుకుని అందరూ మళ్ళీ పెదజాలిమి ఎక్కారు. కస్తూరి ఒక్కొక్క ఫోటోనీ శ్రద్ధగా చూసి, ‘ఫోటో వెనుక గెజిటెడ్ అధికారి సంతకము లేదు’ అని రాసింది. మళ్ళీ దిగారు. ఆ తర్వాత శుభలేఖ అసలు ప్రతి కావాలంది. ఆ తర్వాత పెళ్ళికి వచ్చిన సాక్షులిద్దరి చిరునామాలు కావాలంది. భటులు ఒకరికొకరు సాక్షులుగా సంతకాలు పెట్టుకుని తెచ్చారు. సాక్షులు బంధువులై ఉండరాదని తిప్పి పంపింది. వాళ్ళందరికీ తండ్రి పేరు ఒక్కటే కదా.

ఇనప పాదాలు నాలుగు వారాలపాటు ఆ దారిని ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. రాళ్ళు పిండి అయ్యాయి. ఎత్తులు అణిగాయి, గోతులు పూడాయి. వాగుల దగ్గర, దరఖాస్తులు తడిస్తే చెల్లవని పంతులమ్మ చెప్పినందుకు, భటులే బండలు పేర్చి దారి చేసుకున్నారు. పదకొండేళ్ళుగా ఏ శాఖా వెయ్యని రోడ్డు పంతులమ్మ కొర్రీలతో పడింది. నెల తిరిగేసరికి బూరాడ బస్సు పెదజాలిమి దాకా రావడం మొదలుపెట్టింది.

ఈలోగా అవతలి రాజ్యం వాళ్ళకి నిద్ర కరువైంది. సరిహద్దు పొడుగునా పరచుకుని ఉండే యంత్రసేన హఠాత్తుగా ఒకే కొండ మీదికి చేరింది. అక్కడ ఏముందని గూఢచారుల్ని పంపితే ఒక బడి ఉందన్నారు. పన్నెండు వేల మంది రోజూ ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు దిగి, మళ్ళీ ఎక్కి, ఒక స్త్రీ ముందు వరసగా నిలబడి, ఆమె ఏదో రాసిచ్చాక మళ్ళీ దిగుతున్నారన్నారు. ఇంత కఠినమైన కసరత్తు ఏ సైన్యమూ చేసి ఎరగదని వాళ్ళ సేనాధిపతులు తేల్చారు. పదిరోజుల తర్వాత వాళ్ళు తమ సేనని యాభై మైళ్ళు వెనక్కి పిలిపించుకుని, సంధి కోరుతూ లేఖ రాశారు.

పరాంకుశంగారికి శాలువా కప్పారు. “ఇది యాదృచ్ఛికం కాదు,” అని ఆయన విలేకరులకి చెప్పారు. “ఏకకేంద్ర సాంద్రీకరణ వ్యూహం. దీర్ఘకాలంగా మా పరిశీలనలో ఉన్నదే. రహదారి నిర్మాణం కూడా అందులో అంతర్భాగం.” ఆ వ్యూహానికి మాన్యువల్ రాసే పని సహజంగానే లోకనాథానికి అప్పగించారు. ఆయన రాస్తున్నాడు కూడా.

అప్పుడు దండనాథ ఇంకో లేఖ పంపింది. సంధి పత్రం ప్రకారం రెండు పక్షాలూ తమ సైనిక మోహరింపుకి ఆధారాలు ఒకరికొకరు చూపుకోవాలి. మోహరింపుకి ఆధారం పన్నెండు వేల స్పౌజ్ దరఖాస్తులు. వాటిని సరిచూడగా ఒక లోపం బయటపడింది. ‘సదరు శ్రీమతి చింతాడ కస్తూరి భర్త అని చెప్పుకొనుచున్న పన్నెండు వేల ఒకటో వ్యక్తి ఒకరు రికార్డులలో కలరు. ఇతని దరఖాస్తు పదకొండు పర్యాయములు తిరస్కరింపబడి ఉన్నది. మిగిలిన పన్నెండు వేలు ఆమోదింపబడి ఉన్నవి. కావున ఇతని క్లెయిము తొలగించి రికార్డు సరిచేయగోరెదను.’

పరాంకుశంగారు లోకనాథాన్ని పిలిపించి, కుర్చీ చూపించి, టీ తెప్పించారు. ఆయన టీ తెప్పించారంటే ఎవరి కొంపో మునుగుతుందని శాఖలో అందరికీ తెలుసు.

“ఒక చిన్న అండర్‌టేకింగ్,” అన్నారు. “‘నేను శ్రీమతి కస్తూరి భర్తను కానని ఇందుమూలముగా అంగీకరించడమైనది.’ రెండే పంక్తులు. సంతకం చెయ్యండి.”

లోకనాథం టీ కప్పు కింద పెట్టాడు.

“అపార్థం చేసుకోకండి. ఇది రికార్డుల వరకే. ఇంట్లో తమరు యథాతథంగా భర్తగా కొనసాగవచ్చు, శాఖకి అభ్యంతరం లేదు. పన్నెండు వేల మంది భర్తల్ని రద్దు చేస్తే సరిహద్దు ఖాళీ అవుతుంది, సంధి చెడుతుంది, వ్యూహం అభాసుపాలవుతుంది. ఒక్క భర్తని రద్దు చేస్తే ఏమీ కాదు. సమాఖ్య భద్రతకి మీరు చేస్తున్న సేవగా దీన్ని మీ సర్వీసు రిజిస్టరులో నమోదు చేయిస్తాను. ఏమంటారు?”

చిత్తం అనడానికి లోకనాథం నోరు తెరిచాడు. కానీ “రేపు ఇస్తానండి,” అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి వచ్చేశాడు.

మెట్ల దగ్గర నిలబడి కస్తూరికి ఫోను చేశాడు. చదివి వినిపించాడు. రెండు పంక్తులు చదవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. ఆమె కొర్రీ ఏదైనా చెబుతుందేమోనని ఎదురుచూశాడు.

“పెట్టెయ్యాలనుంటే పెట్టెయ్యండి,” అంది కస్తూరి. ఈసారి గొంతు తాపీగా లేదు. “పదకొండేళ్ళు మీరు పంపినవి కాయితాలే. మీరొచ్చింది మూడుసార్లు, అదీ సెలవు మంజూరయ్యాక. ఈ ఇనపోళ్ళు నయం. నేనేం రాసినా ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు నడిచొస్తున్నారు. నిన్న ఒకడు అడిగేడు, పంతులమ్మా, ఈ నమూనా రాసినాయన ఎప్పుడొస్తాడు అని. నాకేం చెప్పాలో తెలీలేదు.”

ఫోను పెట్టేసింది. లోకనాథం మెట్ల మీద కూర్చుండిపోయాడు. సిగ్గేసింది. తన దరఖాస్తులో కామాలు దిద్దుకున్నన్ని సార్లు కూడా ఆ కొండ వంక చూడలేదు తను. ఆ సంగతి ఒక ఇనప మనిషి అడిగితే గానీ తెలియలేదు. ఏడుపు వచ్చింది కూడా. అటుగా వెళ్ళే అటెండరు చూసి పలకరించకుండా తప్పుకున్నాడు.

లేచి సీటు దగ్గరికి వెళ్ళాడు. అలవాటుగా సెలవు ఫారం తీశాడు. తేదీ వేశాడు. కారణము అన్న గడి దగ్గర ఆగాడు. ఫారాన్ని మళ్ళీ సొరుగులో పెట్టేసి, సంచీ భుజాన వేసుకుని లేచాడు.

“సెలవు పెట్టారా గురువుగారూ?” అన్నాడు జిలానీ.

“లేదు.”

జిలానీ చేతిలోని పెన్ను కింద పడింది. ఇరవయ్యారేళ్ళలో ఆ జవాబు విన్నది అతనొక్కడే.

మర్నాడు ఉదయం బూరాడ బస్సు కొత్త రోడ్డు మీద నున్నగా ఎక్కి, ఊరికి నాలుగు మైళ్ళు ఇవతల ఆగిపోయింది. అక్కడినుంచీ వరస. లోకనాథం దిగి ముందుకి నడవబోతే ఒక భటుడు మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టాడు. ఛాతీ మీద 4417 అని ఉంది.

“పని ఏమిటండి?”

“స్పౌజ్,” అన్నాడు లోకనాథం.

“అందరిదీ అదేనండి. వెనకాల నిల్చోండి.”

లోకనాథం వెనకాల నిల్చున్నాడు. పన్నెండు వేల ఒకటో వాడిగా. ఎండ ఎక్కింది. వరస నిమిషానికి పదిమంది చొప్పున కదిలేది. అయినా ఆ రోజుకి తెమిలేలా లేదు. 4417 ఆయన వంక పరీక్షగా చూసి, “జతపత్రాలు చూపించండి, ముందే సరిచూస్తాను. ఇక్కడ మేడమ్‌గారు చాలా గట్టివారు,” అన్నాడు. వాడి చేతిలో మోకాలెత్తు కట్ట ఉంది. పైన ఖాళీ కుర్చీ పక్కన దండతో నిల్చున్న ఫోటో.

“ఏమీ తేలేదు,” అన్నాడు లోకనాథం.

“ఏమీ లేకుండా ఎలా వచ్చారు?” అంది యంత్రం. దానిలో ఆశ్చర్యం అనే భాగం లేదంటారు గానీ, లోకనాథానికి అలాగే వినిపించింది. ఆయన పేరు చెప్పాడు. 4417 పక్కకి జరిగాడు. ముందువాడికి ఏం చెప్పాడో, వాడూ జరిగాడు. అలా బడి దాకా వరస రెండుగా విడిపోయి మధ్యలో దారి ఏర్పడింది. నమూనా రాసినాయనకి వాళ్ళు ఇచ్చిన గౌరవం అది.

బడి వరండాలో బల్ల వేసుకుని కస్తూరి కూర్చుని ఉంది. జుట్టు బాగా నెరిసింది. తల వంచుకునే చెయ్యి చాపింది.

“దరఖాస్తు?”

“లేదు,” అన్నాడు.

“సెలవు కాయితం?”

“అదీ లేదు.”

ఆమె తలెత్తింది. ఆయన జేబులోంచి అండర్‌టేకింగ్ తీసి బల్ల మీద పెట్టాడు. సంతకం చోటు ఖాళీగానే ఉంది. ఆమె దాన్ని చదివి, ఎర్ర పెన్ను తీసుకుని, అడ్డంగా ‘తిరస్కరించడమైనది’ అని రాసి, బడి ముద్ర గుద్దింది.

“అన్నం తిన్నారా?” అంది.

“లేదు.”

“భోజన సదుపాయం లేదని రాసేవారు కదా,” అంటూ లేచి, గంట కొట్టి పిల్లల్ని ఇంటికి పంపేసింది. కళ్ళు తుడుచుకోవడం ఆయన చూడకూడదని అటు తిరిగింది గానీ, ఆయన చూడనే చూశాడు.

నాలుగో రోజున ఉత్తర్వు వచ్చింది. తీసుకొచ్చింది 4417. ‘అనుమతి లేని గైర్హాజరు మరియు అండర్‌టేకింగ్ ఇచ్చుటలో నిర్లక్ష్యము కారణముగా సూపరింటెండెంటు శ్రీ చింతాడ లోకనాథంను శిక్షాపూర్వకముగా పెదజాలిమికి పంపడమైనది. ఎనిమిది సంవత్సరముల వరకు వెనుకకు వచ్చుటకు అర్హుడు కాడు. అచటి సిబ్బంది దరఖాస్తుల స్వీకరణ ఇతని విధి.’ కింద పరాంకుశంగారి సంతకం. శిక్ష మీద వచ్చినవాడి పాత స్పౌజ్ క్లెయిము దానంతటదే రద్దవుతుంది కాబట్టి దండనాథకి రికార్డులో తేడా కూడా కనిపించలేదు. సంధి నిలిచింది.

లోకనాథం వరండాలో కూర్చుని ఉత్తర్వుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఇంకోసారి చదివాడు. కస్తూరి చేటలో బియ్యం ఏరుతూ ఆయన మొహం చూసింది.

“ఏటి, తప్పుందా అందులో?”

ఉంది. శిక్ష వేసే ముందు సంజాయిషీ అడగాలి, అడగలేదు. అది లేకుండా వేసిన శిక్ష అప్పీలులో ఒక్క రోజు నిలవదు. అప్పీలుకి గడువు ముప్ఫై రోజులు. అటువంటి తప్పుని ఆయన సర్వీసులో ఎన్నడూ వదిలిపెట్టలేదు.

“ఏమీ లేదు,” అని కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ముప్ఫై ఒకటో రోజు పొద్దున్న దాన్ని బయటికి తీసి, ఇంకోసారి చదువుకుని, బడి బీరువాలో ఫైలు చేశాడు. ఆ తర్వాత వరండాలోకి వచ్చి, కస్తూరి పక్కన రెండో కుర్చీ వేసుకుని, వరసలో ముందున్న భటుణ్ణి రమ్మన్నాడు.